లైబ్రరీ ముందు మోగిన ఈల

నేను ఒక ఈలను. ఇత్తడి ఈలను. నిశ్శబ్దం పాటించవలసిన చోటు ముందు మోగినందుకు నా మీద పోలీస్ స్టేషన్‌లో ఒక ఫిర్యాదు ఉంది. ప్రజాశాంతికి భంగం కలిగించానట. కలిగించాను. అవసరమైతే మళ్ళీ కలిగిస్తాను. ఈ మాట ముందే చెప్పేస్తే మీకూ నాకూ మొహమాటం ఉండదు.

ఉత్తరాదిన ఎక్కడో ఇత్తడి సామాన్లు చేసే ఇరుకు సందులో పుట్టాను. అంతకుముందు నేను ఒక విరిగిన కుళాయిని, సొట్టపోయిన చెంబును, ఊడిపోయిన తలుపు గడియను. అన్నిటినీ కలిపి కరిగించి, రేకుగా సాగదీసి, మడిచి, కడుపులో చిన్న బెండు గోళీ వేసి అతికించారు. ఊపిరి తగిలితే గోళీ ఎగురుతుంది, నేను మోగుతాను. తగలకపోతే పాత కుళాయి ముక్కనే. మనుషుల్లోనూ ఈ రకం చాలామందిని చూశాను.

నా మొదటి యజమాని ఒక డ్రిల్లు మాస్టరు. ఆయన పరుగెత్తగా నేను ఒక్కసారి కూడా చూడలేదు. వేపచెట్టు కింద కుర్చీలో కూర్చుని నన్ను ఊదేవాడు, పిల్లలు ఎండలో పరుగెత్తేవారు. అధికారం అంటే ఏమిటో అక్కడే తెలుసుకున్నాను. ఒకరోజు ఆయన నన్ను బస్సు సీటు మీద మరిచిపోయి దిగిపోయాడు. ఆ బస్సు కండక్టరు నన్ను పైకెత్తి చూపించి, "ఎవురిదప్పా ఈ ఈల?" అని బస్సంతా అడిగాడు. ఎవరూ పలకలేదు. ఆయన నన్ను చొక్కాకు తుడిచి నోట్లో పెట్టుకున్నాడు.

ఆయన పేరు హుసేనప్ప. ఆ రోజు నుంచి రిటైరయ్యేదాకా రాయలసీమ ఎర్రదుమ్ము తింటూ ఆయన జేబులోనే తిరిగాను. ఒక్కసారి ఊదితే బస్సు ఆగాలి. రెండుసార్లు ఊదితే కదలాలి. మధ్యలో మంత్రి వచ్చినా, మామగారు వచ్చినా అదే చట్టం.

ఊరి పేరు చెప్పను. చెబితే అక్కడి మున్సిపల్ ఛైర్మన్ నా మీద ఇంకో ఫిర్యాదు ఇప్పిస్తాడు. బస్టాండుకు ఎదురుగా నాపరాళ్ళు పరిచిన పాత లైబ్రరీ ఒకటి ఉందని మాత్రం చెబుతాను. రిటైరయ్యాక హుసేనప్ప ఇంట్లో కూర్చోలేకపోయాడు. బస్టాండుకు పోతే కొత్త కండక్టర్ల పనిలో తప్పులు కనిపించి ఒళ్ళు మండేది. అందుకని రోడ్డు దాటి లైబ్రరీలో కూర్చోవడం మొదలుపెట్టాడు. పేపరు చదివేవాడు. పైకి చదివేవాడు. బస్సులో ఊళ్ళ పేర్లు కేకేసిన గొంతుతో చదివేవాడు.

అదే బల్లకు అటు చివర వన్నూరమ్మ కూర్చునేది. ఇరవై రెండేళ్ళ పిల్ల, కానిస్టేబుల్ పరీక్షకు చదువుతోంది. ఇంట్లో ఒకటే గది. అందులో అమ్మానాన్నలు, ముగ్గురు చెల్లెళ్ళు, ఎప్పుడూ ఆగని టీవీ. ఆమెకు ప్రపంచంలో ప్రశాంతంగా ఉన్న చోటు ఆ బల్ల ఒక్కటే. దాని మీదికి మా ముసలాయన గొంతు వచ్చి పడింది.

"తాతా, మనసులో చదువుకోలేవా?"

"ఏం మే, ఇది మీ నాయన ఇల్లా?"

"మీ డిపో కూడా కాదు."

హుసేనప్ప సర్వీసులో టికెట్ లేని ప్రయాణికులు చాలామంది దొరికారుగానీ, ఇలాంటి మాట దొరకలేదు. ఆ రోజు పేపరు మనసులోనే చదివాడు. పెదవులు మాత్రం కదిలాయి.

వాళ్ళను కలిపింది పాత డిటెక్టివ్ నవలలు. ఆ లైబ్రరీలో వాటికి చివరి పేజీలు ఉండవు. వాటిని ఎవరు చించుకుపోయారో ఏ డిటెక్టివూ కనిపెట్టలేదు. హంతకుడు వకీలని హుసేనప్ప, కాదు మరదలని వన్నూరమ్మ. వాదన పెరిగి, అరుపులై, చివరికి ఇద్దరూ బయట శనక్కాయలమ్మే ఈరమ్మ దగ్గరికి తీర్పు కోసం పోయేవారు. ఈరమ్మ కథంతా విని, "ఆ వంటోడే సంపింటాడు, వంటోని మీద ఎవురికీ అనుమానం రాదు కద," అని తేల్చేసేది.

పోయినసారి వన్నూరమ్మ రాతపరీక్ష గెలిచి, పరుగులో ఓడిందట. ఈ సంగతి తెలిశాక హుసేనప్ప ఆమె వెంట కాలేజీ గ్రౌండుకు వెళ్ళి చూశాడు.

"నువ్వు ఎక్స్‌ప్రెస్ మాదిరి బయల్దేరి పల్లెవెలుగు మాదిరి చేరుతాండావు పాపా. స్టేజీలు ఎట్ల పంచుకోవల్లో నేను చెప్తా."

అలా నేను మళ్ళీ కొలువులో చేరాను. ఎక్కడ వేగం తగ్గించాలో ఒక్క ఈల, ఎక్కడ అందుకోవాలో రెండు ఈలలు. పిల్ల కాళ్ళు నా మాట వినసాగాయి.

అప్పుడు దిగాడు కాంట్రాక్టర్ విరూపాక్షి. ఛైర్మన్‌కు బామ్మర్ది. బస్టాండు ఎదురుగా ఉన్న స్థలంలో పుస్తకాలు ఉండటం అతనికి అన్యాయంగా తోచింది. షాపింగ్ కాంప్లెక్స్ కట్టాలి. భవనం శిథిలమైందని ఒక కాగితం పుట్టింది. లైబ్రేరియన్‌ను పక్క మండలానికి పంపేశారు. ఆయన వెళ్తూ తాళంచెవి హుసేనప్ప చేతిలో పెట్టాడు. పుస్తకాలను 'తాత్కాలికంగా' మార్కెట్ యార్డు గోడౌనుకు మారుస్తారని చెప్పారు. అక్కడ ఎలుకలు శాశ్వతంగా ఉంటున్నాయి.

వన్నూరమ్మ జిల్లా గ్రంథాలయ కార్యాలయానికి ఫోన్ చేసింది. అక్కడి కార్యదర్శి, "మేం ఎవరికీ అనుమతి ఇవ్వలేదమ్మా. సోమవారం స్వయంగా వస్తాను. అప్పటిదాకా ఒక్క పుస్తకం కూడా బయటికి పోనివ్వకండి," అన్నాడు.

ఆ మాట విరూపాక్షి చెవిన పడింది. అతను ఆదివారమే వచ్చాడు.

మేం గ్రౌండులో ఉన్నాం. ఈరమ్మ గంప లైబ్రరీ ముందే వదిలేసి వగరుస్తూ వచ్చింది. "బీగం పగలగొట్టినారు సామీ! పుస్తకాలన్నీ లారీకెత్తినారు!"

వన్నూరమ్మతోపాటు హుసేనప్పా పరుగెత్తాడు. ఆ వయసులో ఆ పరుగు నేను జేబులో ఎగిరెగిరి పడుతూ చూశాను. బస్టాండు మలుపు తిరిగేసరికి లారీ నిండిపోయింది. ఇంజను మోగుతోంది. బండి కదిలింది. హుసేనప్ప నన్ను నోట్లో పెట్టుకున్నాడు. ఊదాడు.

గాలి రాలేదు. దగ్గు వచ్చింది. నా గోళీ కదల్లేదు. ఆయన నడుం వంగిపోయింది. లారీ గేరు మారింది.

వన్నూరమ్మ నన్ను ఆయన నోట్లోంచి లాక్కుంది.

ఎన్నో రకాల ఊపిర్లు చూశాను గానీ, అలాంటిది చూడలేదు. ఒక్కటే ఈల. పొడుగ్గా. బస్టాండు కప్పు మీద పావురాలు లేచాయి. బస్సులెక్కుతున్నవాళ్ళు తలలు తిప్పారు. లారీ బ్రేకు కీచుమని అరిచి, బండి నిలువునా ఆగిపోయింది. వెనక నుంచి రెండు పుస్తకాల కట్టలు రోడ్డు మీద పడ్డాయి.

డ్రైవరు దిగాడు. తెల్లమీసాల మనిషి. తన కుడికాలు తనకు చెప్పకుండా ఎందుకు తొక్కిందో అర్థం కాక దాన్నే చూసుకుంటున్నాడు.

"ఎవురప్పా ఆ ఈల?"

"తిప్పేసామీ!" అన్నాడు హుసేనప్ప, దగ్గు మధ్యలో.

తిప్పేస్వామి. సర్వీసులో సగం కాలం మా బస్సు నడిపినవాడు. రిటైరయ్యాక కిరాయి లారీలు తోలుతున్నాడు. ఇది ఎవరి లైబ్రరీయో, ఎవరి సరుకో అతనికెవరూ చెప్పలేదు, అతనూ అడగలేదు.

"నువ్వా హుసేనప్పా! బండెక్కల్లనా నువ్వు? ఈ బండి గోడౌనుకు పోతాదే."

"నేను ఎక్కను. ఈ పుస్తకాలు దిగల్ల."

విరూపాక్షి పరుగున వచ్చాడు. "ఏం ముచ్చట్లు ఈడ? పోనీ బండి!"

తిప్పేస్వామి అతని వంక ఎగాదిగా చూశాడు. "కండక్టరు రైట్ చెప్పంది బండి యాడన్నా కదిలిందా సామీ?" బండి తాళంచెవి ఊడబీకి హుసేనప్ప చేతిలో పెట్టి, బీడీ ముట్టించుకున్నాడు.

విరూపాక్షికి తెలివి ఎక్కువ. ముసలివాళ్ళతో వాదించడం మాని పిల్ల వైపు తిరిగాడు. గొంతు తగ్గించాడు.

"నువ్వు కానిస్టేబుల్ పరీక్ష రాస్తాండావంట కద పాపా. నీ పేరు స్టేషన్‌లో రాసిస్తా. కేసు పడితే ఉద్యోగం వస్తాదా? బుద్ధిగా ఆ ఈల ఆ ముసిలాయనకిచ్చి ఇంటికి పో."

ఆమె వేళ్ళు నా చుట్టూ చల్లబడ్డాయి. ఆ చల్లదనం నాకు తెలిసింది, మరెవరికీ తెలియలేదు. ఆ ఉద్యోగం కోసమే ఆ బల్ల. ఇప్పుడు ఆ బల్ల కోసం ఉద్యోగం పోతుంది.

హుసేనప్ప చెయ్యి చాచాడు. "ఇటియ్యి పాపా. నేనే ఊదినా అని చెప్తా."

"నీకు ఊపిరి యాడుంది తాతా?" అంది వన్నూరమ్మ. విరూపాక్షి వైపు తిరిగింది. "వ, న్నూ, ర, మ్మ. ఇంటిపేరు బోయ. తప్పు ల్యాకుండా రాయించు." మళ్ళీ నన్ను నోట్లో పెట్టుకుంది.

ఈసారి బస్టాండు ఖాళీ అయింది. హుసేనప్పకు ఊపిరి చిక్కింది, ఊపిరితోపాటు గొంతూ వచ్చింది. "రండప్పా, రండి! వరసగా నిలబడండి! లోపలికి జరగల్ల, ఆ లావుపాటాయప్ప, నీకే చెప్తాండేది, జరుగు!" బస్సుల కోసం వచ్చినవాళ్ళు లారీ నుంచి అలమరల దాకా వరసకట్టారు. పుస్తకాలు చేతులు మారాయి. జీవితంలో పుస్తకం పట్టుకోని చేతులు కూడా అందులో ఉన్నాయి. ఈరమ్మ ప్రతి పుస్తకం దుమ్మూ కొంగుతో తుడిచి మరీ అందించింది. విరూపాక్షి కూలీలు కాసేపు చూసి, వాళ్ళూ వరసలో నిలబడ్డారు. మోసేది ఎటైనా కూలి ఒకటే కదా!

ఫిర్యాదు పడింది. నన్ను సాక్ష్యంగా పట్టుకెళ్ళారు. స్టేషన్‌లో ఒక దొంగసైకిలు చైనుకూ, రెండు సారా సీసాలకూ మధ్య కొంతకాలం ఉన్నాను. మంచి సహవాసమే. సోమవారం కార్యదర్శి వచ్చి, తన అనుమతి లేకుండా ఒక్క కాగితం కూడా కదలకూడదని తలుపు మీద ఉత్తర్వు అంటించాడు. విరూపాక్షి కోర్టుకు పోయాడు. పోనీ.

వన్నూరమ్మ రాతపరీక్ష గెలిచింది. పరుగు కూడా గెలిచింది. ఆ పరుగు రోజు నేను స్టేషన్‌లో ఉన్నాను, అది ఒక్కటే నా దిగులు. మిగిలింది వెరిఫికేషన్, అంటే కేసులేమైనా ఉన్నాయా అని పోలీసులు చేసే విచారణ. విరూపాక్షి కబురు పంపాడు: భవనం ప్రమాదకరంగా ఉందని పాఠకురాలిగా ఒక్క సంతకం పెడితే ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానని. వన్నూరమ్మ కబురు తెచ్చినవాడికి శనక్కాయలు కొనిపెట్టి, సంతకం లేకుండానే పంపించింది.

విచారణకు ఒక హెడ్ కానిస్టేబుల్ లైబ్రరీకే వచ్చాడు. నన్ను తిరిగి ఇవ్వడం కూడా ఆయన పనే. నన్ను బల్ల మీద పెట్టి హుసేనప్పను అడిగాడు: "పెద్దాయనా, ఆ పొద్దు ఈల ఊదింది ఈ పిల్లేనా?"

నేను ముసలాయన ముఖం చూశాను. అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. బల్లకు అటు చివర వన్నూరమ్మ పుస్తకంలోంచి తల ఎత్తింది. వద్దన్నట్టు చూసింది.

"ఆ పాపే," అన్నాడు హుసేనప్ప. "మల్లా లారీ వస్తే మల్లా ఊదుతాది. ఇట్లాంటోళ్ళు పోలీసులో వద్దనుకుంటే మీ ఇష్టం. నష్టం మీదే."

హెడ్ కానిస్టేబుల్ ఆమెను చూశాడు, అలమరలను చూశాడు. "ఉద్యోగం రాకముందే డ్యూటీ ఎక్కినావా?" అని గొణిగి ఏదో రాసుకున్నాడు. ఏం రాశాడో మాకు తెలియదు. ఫలితం ఇంకా రాలేదు. వన్నూరమ్మ ఎస్సై పరీక్షకు చదవడం మొదలుపెట్టింది, అదే బల్ల మీద.

హుసేనప్ప నన్ను జేబులో వేసుకోబోతే ఆమె ఆపింది. గుమ్మం పక్కన, 'నిశ్శబ్దం' అన్న బోర్డు కిందనే మేకు కొట్టి నన్ను తగిలించింది. ఈరమ్మ చెయ్యి అందేంత కిందికి.

"ఎవురన్నా తీసుకుపోతారేమో పాపా."

"పోనీ తాతా. ఊదేవాళ్ళకు అందల్ల కద."

ఇప్పుడు నాకు యజమాని లేడు. తలుపు తీసే ఉంది. రోడ్డు మీద లారీలు పోతున్నాయి. ప్రతి లారీనీ చూస్తున్నాను.