తాత దాచిన మాట

ముసలాయన పొద్దున్నుంచీ పాత పరుపు విప్పి దూది ఏకుతున్నాడు. గడ్డకట్టిన దూదిని వేళ్ళతో విడదీయాలి, సన్నకర్రతో కొట్టాలి, పొంగినదాన్ని పక్కకు తోయాలి. ముక్కుకు గుడ్డ కట్టుకున్నా కనుబొమలు తెల్లబడతాయి. అవి ఎలాగూ తెల్లవే, దూదికి ఆ నింద ఎందుకు? మనవరాలు ఆ కుప్పలో మోకాళ్ళదాకా దిగి గంతులేస్తోంది. ఐదేళ్ళది. భార్య ఏనాడో పోయింది, కొడుకు నిరుడు జ్వరంతో పోయాడు. ఆ ఇంట్లో ఆయనకు మిగిలింది ఈ పిల్లే.

శుక్రవారం కనుక కోడలు వస్తుంది. ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికే పని ముగించుకుని వచ్చి, గడప దగ్గరే కూర్చుని, కూతురి తల దువ్వి, ఆయన దగ్గు ఎలా ఉందని అడిగి వెళ్ళిపోతుంది. కన్నబిడ్డను చుట్టపుచూపుగా చూసుకోవడం ఆమెకు అలవాటైపోయింది.

ఆ ఏర్పాటు ఆయన చేసిందే. కొడుకు పోయాక, "తండ్రి లేని బిడ్డ తాతకే చెందుతుందమ్మా. మన షరియత్ అంతే" అన్నాడు. కొడుకు వదిలిన ఆస్తికి తాత కాపలా అని ఆయనకు తెలుసు. బిడ్డ కూడా అందులోకే వస్తుందనుకున్నాడు. పెద్దాయన మాటకు కోడలు ఎదురు చెప్పలేదు. అప్పటికది పొరపాటే. సిగ్గుమాలిన పని తర్వాత జరిగింది.

ఎండాకాలంలో మసీదు ఇమామ్‌గారి దిండ్లు కుడుతూ, ఎవరో ఎరిగినవాళ్ళ గొడవన్నట్టు అడిగాడు.

"ఆస్తి చూసేది తాతే" అన్నాడు ఇమామ్. "బిడ్డను పెంచుకునే హక్కు మాత్రం తల్లిది. ఆడపిల్లయితే ఈడొచ్చేదాకా తల్లి దగ్గరే ఉండాలి. తల్లి బయటివాణ్ణి పెళ్ళి చేసుకుంటేనే ఆ హక్కు పోతుంది."

ఆ మాట కోడలికి చేరవేయాల్సింది పోయి, ముసలాయన ఆమెకు సంబంధాలు వెతకడం మొదలుపెట్టాడు. కోడల్ని కూతురిలా చూసుకుంటున్నాడని వీధంతా మెచ్చుకుంది. మెచ్చుకున్నప్పుడల్లా ఆయన తల వంచుకునేవాడు. అది వినయమనుకున్నారు పాపం.

మధ్యాహ్నం కోడలు వచ్చింది. కూతుర్ని ఒళ్ళోకి లాక్కుని చిక్కు తీస్తూ, తలెత్తకుండానే అంది.

"మీరు తెచ్చిన ఆ సంబంధం చేసుకుంటాను మామయ్యా. ఆస్పత్రి పక్కన ఆ అద్దెగదిలో ఒక్కదాన్నే ఉండలేకపోతున్నా. ఒక్కటే అడుగుతాను. పెళ్ళయ్యాక కూడా దీన్ని చూడనిస్తారుగా?"

కన్నబిడ్డను చూడ్డానికి ఆమె తనను అడుక్కుంటోంది. ముసలాయన సిగ్గుతో చచ్చిపోయాడు. కర్ర కింద పెట్టి, ముక్కుకున్న గుడ్డ విప్పాడు. ముఖానికి గుడ్డ ఉండగా చెప్పే మాట కాదది.

"చూడనివ్వడానికి నేనెవర్నమ్మా. దాన్ని పెంచుకునే హక్కు నీది. నాకు తెలుసు, చెప్పలేదు. నువ్వు పెళ్ళి చేసుకుంటే పిల్ల నాకే ఉండిపోతుందని ఆ సంబంధం తెచ్చాను."

దువ్వెన ఆగింది.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"ఎండాకాలం నుంచి."

బయట వాన జల్లు పడుతోంది. ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండు అనుకున్నాడు ఆయన. ఆమె జడ కొనదాకా అల్లి, ఆ ఇల్లు వదిలాక మొదటిసారి గడప దాటి లోపలికి వెళ్ళి, పిల్ల బట్టలు మూటగట్టుకుంది.

"తాత రాడా?" అంది పిల్ల.

"తాతకు పనుంది" అంది తల్లి. అంత జరిగాక కూడా ఆయన పరువు ఆమే కాపాడింది.

"అవునమ్మా, పనుంది" అన్నాడు ఆయన. పిల్ల వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ వీధి మలుపు దాటింది.

చీకటి పడేదాకా ఏకిన దూదినే మళ్ళీ ఏకాడు. ఆ నుసికి దగ్గు తెరలుతెరలుగా వచ్చింది. తలుపు వేద్దామని గడప దగ్గరికి వెళ్తే, కోడలు కూర్చున్నచోట, మూత తీయని దగ్గుమందు సీసా ఉంది.