నీడల మీద మోపిన నేరం

తెర మీద బొమ్మలు గీసిపెట్టే సాఫ్ట్‌వేర్ లైబ్రరీ మాది. అందులో నీడలు గీసే భాగం నేను రాశాను. ఎప్పుడు ఎర్రర్ వచ్చినా అది నా నీడల దగ్గరే కనబడేది. అందుకే కొత్త విడుదలలో నీడలు తీసేద్దామని మా టీమ్ లీడ్ తేల్చేశాడు. రంగులు నింపే భాగం ఆయనది. అందులో ఒక్క ఎర్రరూ రాలేదని రోజూ చెప్పుకునేవాడు. వింటుంటే నాకు ఒళ్లు మండేది.

మా లైబ్రరీది పాత పద్ధతి. తప్పు జరిగితే వెంటనే చెప్పదు, ఎవరైనా అడిగేదాకా మనసులో పెట్టుకుంటుంది. నా భాగం పని పూర్తికాగానే తప్పేమైనా ఉందా అని అడిగి చూసుకోవడం నా అలవాటు. మిగతావాళ్లు వేగం తగ్గుతుందని అడగడమే మానేశారు.

ఆ సాయంత్రం చిరాగ్గా ఇంటికొచ్చి పాపకు తల దువ్వుతుంటే కెవ్వుమంది. జుట్టు అలా పీకుతావేంటని అత్తయ్య నా మీద లేచారు. చూస్తే చెవి పైన నిమ్మకాయంత బొప్పి. పొద్దున బడిలో పడిందట.

"ఇంతసేపూ ఎందుకు చెప్పలేదే?"

"నువ్వు అడగలేదుగా."

దువ్వెన పక్కన పెట్టేశాను. దెబ్బ తగిలింది బడిలో, తిట్లు పడ్డది దువ్వినదానికి. ఆఫీసులో నాకు జరుగుతున్నదీ అచ్చం ఇదే.

మర్నాడు పొద్దున్నే కూర్చుని ఆ పద్ధతి మార్చేశాను. ఎవరూ అడగక్కర్లేకుండా, తప్పు జరిగిన క్షణంలోనే అది ఎవరి భాగంలో జరిగిందో లైబ్రరీయే చెప్పేలా రాసి, మీటింగులో అందరి ముందూ నడిపాను. పని నా నీడల దాకా రాకముందే తెర నిండా ఎర్రటి అక్షరాలు. అన్నీ రంగుల భాగంలోవే. నీడల దగ్గర ఒక్కటీ లేదు.

గుమ్మడికాయల దొంగ ఎవరని నేను అడగనేలేదు, లీడ్ తనే భుజాలు తడుముకున్నాడు. ఇవి తప్పులు కావు, వట్టి వార్నింగులేనని సర్దిచెప్పబోయాడు.

"వార్నింగులు పసుపు రంగులో వస్తాయండీ. ఇవి ఎరుపు," అన్నాను.

గదంతా గొల్లున నవ్వింది. దాచడం దేనికి, నాకు గాల్లో తేలినట్టనిపించింది.

మధ్యాహ్నానికి ఆయన తన తప్పులు దిద్దుకున్నాడు. మళ్లీ నడిపితే ఎర్ర అక్షరం ఒక్కటీ రాలేదు. పెద్ద తెర మీది చెట్టు కింద ఆకు ఆకుకీ నీడ పడింది. ఆయన అది చూసి నావైపు తిరిగాడు.

"సరే, నీడలు ఉంటాయి."

"ఉండక ఎక్కడికి పోతాయండీ," అన్నాను.