అరచేతుల్లో కరిగిన సూదులు

ఆ శుక్రవారం నా కుడి అరచెయ్యి బాగుండి ఉంటే, అందరిలాగే నేనూ సీసాను దొర్లించి, తేటగా ఉందని రాసేసి ఇంటికి పోయేదాన్ని. కానీ ముందురోజు బజ్జీలు వేస్తుంటే నూనె చిమ్మి అరచెయ్యంతా బొబ్బలెక్కింది. కట్టు కట్టుకుని, మియాపూర్ నుంచి మెట్రోలో నిలబడి, ఒంటిచేత్తో కమ్మీ పట్టుకుని ఆఫీసుకు వచ్చాను. అసలే నా నోరు మంచిది కాదు. ఆ రోజు మరీను.

మా ల్యాబ్ హైటెక్ సిటీలో ఒక అద్దాల భవనం నాలుగో అంతస్తులో ఉంటుంది. మిగతా అంతస్తుల నిండా సాఫ్ట్‌వేర్ వాళ్ళే. లిఫ్టులో ఎవరైనా "మీది ఏ ప్రాజెక్టండీ?" అనడిగితే, "నీళ్ళలో కరగనిదాన్ని కరిగించే ప్రాజెక్టు" అంటాను. నవ్వుతారు. నవ్వడానికి ఏముందో నాకైతే అర్థం కాదు.

మేం పనిచేస్తున్నది కాలేయానికి వచ్చే క్యాన్సర్ మందు మీద. మందు మంచిదే కానీ ఒట్టి మొండిఘటం. నీళ్ళలో వేస్తే సుద్దపొడిలా అడుగున కూర్చుంటుంది. అలాంటిదాన్ని నరంలోకి ఎక్కించాలంటే, సబ్బులాంటి పదార్థంతో కంటికి కనపడనంత చిన్న చిన్న సంచులు తయారుచేసి వాటిలో దాన్ని దాచాలి. సంచులు గట్టిగా ఉన్నంతకాలం సీసా తేటగా ఉంటుంది. అవి వదులైతే మందు బయటపడి సన్నని సూదుల్లా గడ్డకడుతుంది. ఆ సూదులు రక్తంలో పడి ఊపిరితిత్తుల దాకా పోయాయంటే మనిషి దక్కడం కష్టం.

ఆ సంచులు నిలబడేలా చేయడానికే మాకు నాలుగేళ్ళు పట్టింది. సోమవారం ఒక ఆసుపత్రిలో మొదటిసారి రోగులకు ఇవ్వబోతున్నారు. ఆ రోగుల్లో సక్కుబాయి ఒకరు. మా మధుకర్ వాళ్ళ అమ్మ.

మధుకర్ నా పక్క బల్ల వాడు. వాళ్ళది మణికొండ పాత ఊరు. అపార్ట్‌మెంట్లు రాకముందు నుంచీ అక్కడే ఉన్నారు. ఉన్న మందులన్నీ అయిపోయి, డాక్టర్లు ఇంక మా చేతుల్లో ఏమీ లేదన్నాక ఆమెను ఈ ప్రయోగానికి తీసుకున్నారు. కొడుకు ఈ మందు మీదే పనిచేస్తున్నాడని ఆసుపత్రి వాళ్ళకూ, ఆమె రోగుల్లో ఒకరని మా పెద్దసారుకూ తెలుసు. దాపరికం ఏమీ లేదు. "మా అమ్మకు నా చేతి మందే వడుతున్నదక్కా" అని వాడు అందరికీ లడ్డూలు పంచాడు.

రోగులకు వెళ్ళే మందులోంచే తీసి మూడు నెలలుగా ఫ్రిజ్‌లో ఉంచిన సీసాలను లైటు ముందు పెట్టి చూసే పని వాడిదే. అమ్మకు పరీక్షలున్నాయని సెలవు పెట్టడంతో ఆ పని నా మీద పడింది.

ఈ పనికి మా దగ్గర ఒక పద్ధతుంది. ఫ్రిజ్ నుంచి తీయగానే సీసా మీద మంచు పట్టి లోపల ఏమీ కనపడదు. ఊపితే సబ్బునీళ్ళలా నురగ వస్తుంది. అందుకని రెండు అరచేతుల మధ్య పెట్టి మెల్లగా దొర్లిస్తాం. మంచు పోతుంది, నురగ రాదు. మా పెద్దసారు రామ్మోహనరావుగారు కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ మొదటిరోజే నేర్పించేది ఇదే. "పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకోవాలమ్మా" అనేవారు. పరీక్ష మిషన్లకు వెళ్ళే సీసాలు కూడా ముందు అలా దొర్లాకే వెళ్ళేవి.

కట్టు కట్టిన చేత్తో నేను దొర్లించలేకపోయాను. విసుగ్గా సీసాను మూత దగ్గర పట్టుకుని, స్పిరిట్ గుడ్డతో మంచు తుడిచేసి, లైటు కింద ఉండే నల్ల పలక ముందు పెట్టాను.

లోపల ఏదో తళుక్కుమంది. గుడ్డ నూలుపోగేమో అనుకున్నాను. ఇంకోటి తీశాను. దాంట్లోనూ అంతే. వెంట్రుక కంటే సన్నని సూదులు, గుత్తులు గుత్తులుగా మెల్లగా కిందికి దిగుతున్నాయి.

ల్యాబ్‌లో సహాయకురాలు సరితను పిలిచి, "ఈ సీసా కాస్త చేతుల్లో దొర్లించు" అన్నాను. ఆ అమ్మాయి దొర్లించి ఇచ్చింది. తేటగా, మచ్చలేకుండా ఉంది. వొంటి వేడికి సూదులు కరిగిపోయాయి! మూడు నెలలుగా మేం చూస్తున్నది మందును కాదు, మా చేతుల వేడిని. ఇంతమంది చదువుకున్నవాళ్ళం ఉండి ఒక్కరికైనా తట్టలేదే అని నా నెత్తి నేనే కొట్టుకోవాలనిపించింది.

చేతుల్లో కరిగిన ఆ మందునే, ఆసుపత్రిలో ఎక్కించేటప్పుడు చేసినట్టే, ఏసీ గదిలో సెలైన్‌లో కలిపి కాసేపు ఉంచాను. సూదులు మళ్ళీ వచ్చాయి. అప్పుడు మధుకర్‌కు ఫోన్ చేశాను. సారు కంటే ముందు వాడికే చేశాను. తప్పో ఒప్పో నాకు తెలీదు.

వాడు ఆసుపత్రి నుంచి ఆటోలో వచ్చాడు. సీసానూ, సెలైన్‌నూ చూశాడు. తర్వాత తలుపు దగ్గరికి వేసి నా ముందు కూర్చున్నాడు.

"అక్కా, జర నా మాట ఇను. సోమారం నేను దవాఖానల్నే ఉంట. సూది వేసే ముందు సీసను నా చేతులల్ల వెట్టుకుంట. మంచిగ కరిగినంకనే ఇస్త. ఎవ్వలికి తెల్వది."

"పిచ్చెక్కిందా నీకు? సెలైన్‌లో మళ్ళీ గడ్డకట్టింది, చూపించాను కదా!"

"సెలైన్ సీసను గుడ వట్టుకుంట. పొట్టకు ఆనిచ్చుకోని కూసుంట, అయిపోయేదాంక."

"మీ అమ్మొక్కతేనా? మిగతావాళ్ళ సీసాలు ఎవరు పట్టుకుంటారురా?"

వాడు తల పట్టుకున్నాడు. "ఇప్పుడు ఆపితె మా అమ్మకు ఇగ ఏమున్నదక్కా? ఎట్లనో పోయే పానమే గద. ఒక్క చాన్స్ ఇయ్యరాదు?"

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. నాకు ఏడుపొస్తే కోపంగానే బయటికొస్తుంది. "చాన్స్ కాదురా అది, గాజుముక్కలు! మీ అమ్మకు నీ చేత్తో గాజుముక్కలు ఎక్కిస్తావా?" అని అరిచాను. వాడు ముఖం కప్పుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. కళ్ళు తుడుచుకుని వెళ్ళి రామ్మోహనరావుగారికి చెప్పాను.

ఆయన తనే వచ్చి సీసా మూత పట్టుకుని చూశారు. తర్వాత తన రెండు అరచేతులూ చూసుకున్నారు. "ఎంతమందికి నేర్పించానమ్మా ఇది" అన్నారు. నా ముందే ఆసుపత్రికి ఫోన్ చేసి ప్రయోగం ఆపించారు. ఎదురు వాదిస్తారేమోనని సిద్ధపడి వెళ్ళాను. ఆయన వాదించకపోవడంతో నాకు ఇంకా బాధేసింది.

మర్నాడు మధుకర్ నన్ను మణికొండ రమ్మన్నాడు. "నాతోని చెప్పుడైతలేదక్కా. నువ్వే చెప్పు" అన్నాడు.

సక్కుబాయి మంచం మీద కూర్చుని ఉంది. కళ్ళు పచ్చబడ్డాయి, చేతులు పుల్లల్లా ఉన్నాయి. సోమవారానికి ఉతికిన చీర తలాపునే పెట్టుకుంది. నన్ను చూసి, "నువ్వేనా బిడ్డా ఉమాశ్రీవి? మావోడు రోజు నీ ముచ్చటనే చెప్తడు" అని పక్కన చోటిచ్చింది.

చెప్పాను. సూదుల సంగతి, ఊపిరితిత్తుల సంగతి, ప్రయోగం ఆగిపోయిన సంగతి. ఆమె మొత్తం విన్నది.

"మల్ల మంచిగ చేస్తరా?"

"చేస్తాం పెద్దమ్మా."

"ఎన్నొద్దులు వడ్తది?"

అబద్ధం చెబుదామా అనిపించింది. గుమ్మం దగ్గర మధుకర్ నిలబడి ఉన్నాడు. వాడికి అన్నీ తెలుసు. "ఏడాది పడుతుంది పెద్దమ్మా. ఎక్కువే పట్టొచ్చు" అన్నాను.

ఆమె కొడుకు వంక చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"నువ్వు చూడకపోతె సోమారం నాకు మందు వడుతుండె గదా?"

"అవును."

"మల్లెందుకు చూసినవ్ బిడ్డా?"

తిట్టినట్టు అడిగి ఉంటే నాకూ కోపం వచ్చేది, ఏదో ఒకటి అనేసేదాన్ని. ఆమె తిట్టలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది, నేను చెబుతానని నా ముఖంలోకే చూస్తూ కూర్చుంది.