టోపీ పెట్టుకున్న సవతి

కాటమయ్య చివరి సంచీని వ్యానులోంచి భుజం మీదికి లాక్కుని, పోస్టాఫీసు గుమ్మం దాకా మోసి దబ్బున పడేశాడు. ముప్పై ఎనిమిదేళ్లుగా భూపాలపల్లిలో ఇదే పని. ఉత్తరాలు పోయి పార్సిళ్లు వచ్చాయి; బరువు మాత్రం పెరిగింది. మోకాళ్లు అరిగాయి, ఎడమ భుజం రెండు వేళ్లు కిందికి దిగింది. పొద్దుటినుంచి ఛాతీ పట్టేస్తుంటే గ్యాసనుకుని సోడా తాగాడు.

“కాటమన్నా, యాదికున్నదా? అయిదింటికి జనగామ బస్సెక్కుత,” అన్నాడు గుమాస్తా సాగర్. “రేపే స్టాంపుల ఎగ్జిబిషన్. నీ బుక్కుల మెతుకులతోని అంటించినయి వాళ్లు గట్లనే తీస్కోరు. నానబెట్టి ఊడదీసి, ఏండ్ల వారీగ పేర్చియ్యి.”

“ఇస్త తియ్యి.”

ఒకప్పుడు బొగ్గు గని యంత్రాలు బిగించడానికి ఇద్దరు ఫ్రెంచి ఇంజనీర్లు వచ్చి నాలుగేళ్లున్నారు. వాళ్లకొచ్చే ఉత్తరాల స్టాంపుల మీద ఎప్పుడూ ఒకే ఆడమనిషి బొమ్మ, నెత్తిన మెత్తటి టోపీ. మన మూడు సింహాల్లాగే ఆమె వాళ్ల దేశపు గుర్తని మొన్న సాగర్ చెప్పేదాకా అతనికి తెలియదు. వాళ్లనడిగి తెచ్చుకున్న స్టాంపు బిళ్లలు నలభై ఒకటి. తెచ్చినప్పుడల్లా భార్య చిలుకమ్మ నవ్వేది.

“అచ్చిందా నా సవతి?”

గిన్నె అడుగునున్న మెతుకు తీసి, బొటనవేలితో నొక్కి నోటుబుక్కులో అంటించేది. ఆమె పోయి రెండేళ్లయింది.

మధ్యాహ్నం ఇంటికొచ్చి, అన్నం కూడా తినకుండా, పేజీలు ఒక్కొక్కటే చింపి బేసిన్లో వేశాడు. ఎండిన మెతుకులు ఉబ్బి, అప్పుడే వండినట్టు తెల్లబడ్డాయి. వాటిని రుద్దుతుంటే ఆమె చేతి గుర్తుల్ని తుడిచేస్తున్నట్టే ఉంది. ఏడుపొచ్చింది. అయినా ఆపలేదు. బతుకంతా ఊళ్లోవాళ్ల పేర్లే మోశాడు. ఒక్కసారి జనగామలో, ఒక అట్టముక్క మీద, తన పేరు ఉండాలి. ముద్రల మీది ఏడాది చూసుకుంటూ నలభై బిళ్లలు పేపరు మీద వరసగా ఆరబెట్టాడు.

మిగిలింది మొదటి పేజీ. ఎర్ర బిళ్ల. పక్కన చిలుకమ్మ పసుపు వేలిముద్ర. నీళ్ల దాకా తీసుకెళ్లి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

“నువ్వుండు,” అన్నాడు. నోటుబుక్కు ఒళ్లో పెట్టుకుని గోడకు ఆనుకున్నాడు.

బస్సు వేళకు బిళ్లల కోసం సాగర్ వచ్చి పిలిచాడు, భుజం కదిపాడు. చెయ్యి చల్లగా తగిలింది. జనగామ బస్సు సాగర్ లేకుండానే వెళ్లిపోయింది.

కాటమయ్య ఒళ్లోని నోటుబుక్కులో ఎర్ర బిళ్ల అలాగే ఉంది, టోపీ కింద గట్టిపడిన మెతుకుతో.