మూడో సంతకం

సైమి మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోదు. పట్టుకుంటే కింద పాటలు రికార్డు చేసే ఎలిసేయో చూసి లిఫ్టులో రమ్మంటాడు, ఆ లిఫ్టు కంపు ఆమెకు పడదు. పద్దెనిమిది మెట్లు, ఒక ఇనప తలుపు, దాని వెనక రబ్బరు అంచుల తలుపు ఇంకొకటి. ఆ రెండోది మూసుకుందంటే బయట హల్లుండ చౌకులో పళ్ళమ్మేవాడి కేకలు, మెట్రో చప్పుడు, ఫిబ్రవరి గాలి అన్నీ ఒక్కసారిగా తెగిపోతాయి. లోపల కిటికీ లేదు. గోడలకు మూడంగుళాల నురగ అట్టలు. మూలనున్న కుర్చీలో కూర్చుని, ఊలు ఉండ ఒళ్లో పెట్టుకుని, ఎదురుగా బల్లమీదున్న కాగితం అందుకుంది. మూడో గీత మీద తన పేరు రాసింది. సైమి కెంపైనెన్.

ఈ గది ఒక అధ్యయన సంఘానిది. మైకు, కంప్యూటరు, కరెంటు అన్నీ ఉచితం. షరతు ఒక్కటే: ఇక్కడ జరిగేది పాట కాదు, చదువు. కలిసి కూర్చుని నేర్చుకునే స్టడీ సర్కిల్ అన్నాక ముగ్గురుండాలి, ముగ్గురూ సంతకం పెట్టాలి. కుండలు చేసేవాళ్ళకీ, బృందగానం వాళ్ళకీ ముగ్గురు దొరకడం పెద్ద పని కాదు. ర్యాప్ మాత్రం ఒక్కడు రాసుకుని ఒక్కడు నిలబడి చెప్పేది. అది రికార్డు చేసేవాడు ఇంకొకడు. మరి మూడోవాడు? ముప్పై ఆరేళ్ళ కిందట ఇక్కడ నేల తుడుస్తున్న సైమిని ర్యాప్ కుర్రాళ్ళు పట్టుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. "ఐదు నిమిషాలు పిన్నీ" అన్నారు. ఆ ఐదు నిమిషాలు ఇంకా కాలేదు.

అప్పట్లో పిల్లలంతా టోపీలు వెనక్కి తిప్పుకుని, చూడని న్యూయార్క్ గురించి ఇంగ్లీషులో దంచేవాళ్ళు. సైమికి ఇంగ్లీషు రాదు. ఇరవయ్యో ఏట ఫిన్లాండ్ నుంచి ఓడెక్కి వచ్చినప్పుడు ఈ దేశపు భాష స్వీడిష్ కూడా రాదు. తాగుబోతు ఫిన్నోళ్ళంటూ ఫ్యాక్టరీలో ఎవరేమన్నా నవ్వుతూ నిలబడేది, అర్థంకాక. అర్థమయ్యే నాటికి తిరిగి అనే వయసు దాటిపోయింది.

"ఎవర్ని తిడుతున్నార్రా?" అని ఓ రోజు అడిగింది.

"పోలీసుల్ని."

"మరి పోలీసోడికి తెలిసే భాషలో తిట్టొచ్చుగా!"

పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. స్వీడిష్‌లో ర్యాప్ చేస్తే పిల్లల టీవీ కార్యక్రమంలా ఉంటుందన్నారు. మూడేళ్ళు తిరిగేసరికి ఈ గదిలో ఇంగ్లీషు వినబడటం మానేసింది. టర్కిష్, అరబిక్, స్పానిష్ ముక్కలు కలిపిన తమ వీధి స్వీడిష్‌లోనే అందరూ కడిగిపారేస్తున్నారు. ఆ మాట ముందు తానన్నానని సైమి ఎవరితోనూ చెప్పుకోలేదు. వాళ్ళలో ఒకడు రేడియోలో పెద్దవాడయ్యాడు, ఒకడు జైలుకు పోయాడు, ఇద్దరు శ్మశానంలో ఉన్నారు. ఎవడు ఏ మాట దగ్గర ఊపిరి తీసుకునేవాడో కళ్ళు మూసుకుని చెప్పగలదు. అయినా ఏ ఒక్కరి కచేరీకీ వెళ్ళలేదు. పిలవాలని ఎవరికీ తోచలేదు.

ఫిన్లాండ్‌లో, కయానీ అనే ఊళ్ళో చెల్లెలు హెల్వి ఉంది. నది కనబడే గది ఒకటి ఖాళీగా ఉంచి తొమ్మిదేళ్ళుగా వచ్చేయమంటోంది. ప్రతి వసంతంలోనూ సైమి సరేనంటుంది. ప్రతిసారీ ఎవరిదో ఒక పాట మిగిలిపోతుంది. అందరూ దాన్ని ఆమె మంచితనం అంటారు. నన్నడిగితే మొహమాటం. మెడలో పడిన తాడును హారమనుకోమంటే ఎన్నాళ్ళని అనుకుంటుంది?

"ఒరే ఎలిసేయో, ఇదే ఆఖరు. సోమవారం ఓడెక్కుతున్నాను."

ఆనాటి టోపీల్లో ఎలిసేయో ఒకడు. చిలీ వాళ్ళబ్బాయి. ఇప్పుడు బట్టతల, కళ్ళజోడు. తన పాటలు ఎప్పుడో మానేసి ఇతరుల పాటలు రికార్డు చేస్తున్నాడు. తల తిప్పకుండానే అన్నాడు:

"రెండు గంటలకి పై ఆఫీసు నుంచి తనిఖీకి వస్తున్నారు పిన్నీ. ముగ్గురు లేకపోతే గది లాక్కుని యోగా వాళ్ళకిచ్చేస్తారు. సీరాది ఇంకొక్క పాటే మిగిలింది."

"పోయినేడూ ఒక్కటే మిగిలింది."

"అది వేరే ఒక్కటి."

ఆ పాట చెప్పాల్సిన సీరా అప్పుడే వచ్చింది. పొద్దున్నుంచీ వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళకు స్నానాలు చేయించి, చేతులకు ఆ సబ్బు వాసనతోనే. ఇరవై మూడేళ్ళు. ఆల్బమ్ నెలాఖరుకు ఇవ్వాలి. ఈ గది పోతే ఇంకో గది లేదు.

"మామ్మా, నన్నొదిలేసి పోతావా?"

"నేను లేకపోతే నీకేమే పిల్లా? గోడలా కూర్చుంటాను, అంతేగా."

"గోడలు నాలుగున్నాయిగా. వాటి ముందు పాడితే నాకు ఏడుపొస్తుంది."

సైమి నవ్వింది. నవ్వుతుంటే రొమ్ము కింద ఏదో పట్టేసింది. పొద్దుటి నుంచీ అంతే, చద్ది రొట్టె అరగలేదనుకుంది.

ఎలిసేయో అద్దం అవతలున్న తన మీటల గదిలోకి వెళ్ళాడు, తలుపులు మూసుకున్నాయి. ఎర్ర దీపం వెలిగింది. దీపం వెలిగితే దగ్గకూడదు, కుర్చీ కదలకూడదు. వెదురు అల్లిక సూదులు కూడా ఒళ్లో పడుకోవాలి. మొదటి చరణం మామూలుగానే పోయింది. రెండో దాంట్లో సీరా గొంతు మారింది.

*మెట్రో ఇక్కడితో ఆగిపోతుందంటారు,*
*మా అమ్మ ఇక్కణ్ణుంచే నడక మొదలుపెట్టింది.*

ఇన్నేళ్ళలో ఈ గదిలో ఇంత సూటి మాట నాలుగైదుసార్లు విని ఉంటుంది సైమి. నొప్పి భుజంలోకి దిగింది, అక్కణ్ణుంచి చేతిలోకి. చెయ్యి ఎత్తితే చాలు, ఎలిసేయో ఆపేస్తాడు. ఆపితే ఈ గొంతు మళ్ళీ రాదు. ఇది ఆమెకు బాగా తెలుసు, ఎందరివో అలా పోయాయి. ఇంకా రెండు నిమిషాలు. భయం వేసింది. తలుపు వంక చూసింది, నాలుగడుగుల దూరం. దగ్గు వచ్చింది, మింగేసింది. వేళ్ళు ఊలులోకి దూర్చి బిగించి పట్టుకుంది.

తనిఖీ మనిషి మంచి మర్యాదస్తుడు. ఎర్ర దీపం చూసి చప్పుడు చేయకుండా ఎలిసేయో గదిలోకి వచ్చాడు. అద్దంలోంచి లెక్కపెట్టాడు. మైకు దగ్గర ఒకరు, మీటల దగ్గర ఒకరు, మూలన తల వంచుకుని వింటున్న పెద్దావిడ. ముగ్గురు.

"ఆవిడ ఎంత శ్రద్ధగా వింటోందో!" అని గుసగుసలాడి, కాగితం మీద గీత గీసి వెళ్ళిపోయాడు.

పాట అయిపోయింది. సీరా చెమట తుడుచుకుంటూ మూల కుర్చీ వైపు తిరిగింది.

"ఎలా ఉంది మామ్మా?"

ఎలిసేయో దీపం ఆపాడు. కుర్చీ దగ్గరకొచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "పిన్నీ" అన్నాడు. చెయ్యి పట్టుకుని మళ్ళీ అన్నాడు. సీరా ఆశ్రమంలో ఇలాంటివి చూసిన పిల్ల, నాడి పట్టుకుని చూసింది, ఆడటం లేదు. గోడకు తల ఆనించుకుంది. గది దక్కింది. ఎలా దక్కిందో తలచుకుంటే ఎలిసేయోకి తన మీద తనకే అసహ్యం వేసింది. ఐదు నిమిషాలని చెప్పింది తనే, పదహారేళ్ళప్పుడు.

అంబులెన్సు వాళ్ళు మేజోళ్ళ కాళ్ళతోనే ఆమెను పైకి తీసుకెళ్ళారు. ఇనప తలుపు బయట, పాత పేపరు మీద, మంచులో జారకుండా అడుగున మేకులున్న నల్ల బూట్ల జత పక్కపక్కనే ఉంది. వాటి చుట్టూ కరిగిన మంచు నీళ్ళు ఇంకా ఆరలేదు.