బంతి ఇయ్యనోడు

జట్టుకు గోల్ పడకపోవడానికి తప్పు నరేశ్‌ది కాదు. నడిమిట్ల ఆడే ప్రకాశ్‌ది. జలపతి లెక్కలో ఈ సంగతి ఎప్పుడో తేలిపోయింది. తేలిన సంగతి మీద మళ్లీ కూర్చుని మాట్లాడేవాళ్లంటే అతనికి చిరాకు.

తెగిన పోగును బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ నలిపి ముడేస్తూ ఆ ఉదయం కూడా అదే అనుకున్నాడు. కార్ఖానాలో సాంచాలు, కరెంటు మగ్గాలన్నీ ఒక్కపెట్టున ఆడుతున్నాయి. రేకుల కప్పు వణుకుతోంది. ఈ చప్పుడులో నోటి మాట పక్కవాడికి కూడా చేరదు. అందుకే సిరిసిల్లలో సాంచాల మీద పనిచేసేవాళ్లు చేతులతో మాట్లాడుకుంటారు. పిడికిలి నోటి దగ్గర పెడితే చాయ్. రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తే పోగు తెగింది. జలపతి మీసాలు రాకముందు నుంచీ ఈ చప్పుడులో నిలబడి ఎడమ చెవి సగం పోగొట్టుకున్నాడు. మిగిలిన సగంతో వినదగ్గ మాటలు లోకంలో పెద్దగా లేవని అతని అభిప్రాయం.

సన్నటి మనిషి. సాంచె మీదికి వంగి వంగి కుడి భుజం ఎడమదానికన్నా కిందికి జారింది. కనుబొమ్మల మీదా చెవుల అంచుల మీదా నూలు నూగు ఎప్పుడూ ఉంటుంది. భార్య మొగిలవ్వ ఉన్నప్పుడు కొంగుతో తుడిచేది. ఇప్పుడు తుడిచేవాళ్లు లేరు, అతనూ తుడుచుకోడు.

అవతలి వరుసలో నరేశ్ అయిపోయిన నూలు కండె మార్చి, అడ్డపోగు నడిపే నాడెను సాంచెలో పెట్టి ఇటు తిరిగాడు. ఇరవై రెండేళ్లుంటాయి. పొడుగు కాళ్లు. ఎల్లంతకుంట దగ్గర కూలి చేసుకునే రాజయ్య కొడుకు. సెంటు భూమి లేని ఇల్లు. పని నేర్చుకుందామని వచ్చినవాడికి మొదటి రోజు మొగిలవ్వ అన్నం పెట్టింది. పిల్లలు లేని ఇంట్లో ఆ కంచం మళ్లీ పక్కకు పోలేదు. వాళ్లు అతనికి అత్తా మామా అయ్యారు. ఆమె పోయాక ఇద్దరూ ఆ ఇంట్లోనే వంతులేసుకుని వండుకుంటున్నారు.

నరేశ్ రెండు చేతులతో గుండ్రంగా చూపి, తల పడమటి దిక్కుకు ఎగరేశాడు. సాయంత్రం ఆట ఉంది, వస్తావు కదా అని. జలపతి అరచేయి చూపించాడు. రాక ఏం చేస్తాను అని.

ఇద్దరికీ తెలిసిన ఇంకో సంగతికి చేతి సైగ లేదు. మస్కట్‌లో ఉన్న నరేశ్ మేనమామ వీసా పంపించాడు. డాక్టరు పరీక్షలు కూడా అయిపోయినాయి. ఏజెంటుకు ఈ రాత్రిలోగా ఔననో కాదనో చెప్పాలి. వచ్చే వారం కోరుట్లలో పెద్ద టోర్నమెంటు. దానికి పోయే జట్టులో పేరుంటే నరేశ్ ఉండిపోతాడు, లేకుంటే విమానం ఎక్కుతాడు. జగిత్యాల జట్టుతో ఈ రోజు ఆట అయ్యాక జట్టు సెక్రెటరీ సాయినాథ్ పేర్లు చెప్తానన్నాడు. ఆ సాయినాథ్ తమ్ముడే ప్రకాశ్.

చాయ్ వేళకు బాలవ్వ కేతిలి పట్టుకుని కార్ఖానా ముందుకు వచ్చింది. అరవై దాటిన మనిషి. నాలుగు గల్లీల కార్ఖానాలకూ ఆమె చాయే. చెప్పుల నుంచి రాజకీయాల దాకా అన్నిటి మీదా ఆమె తీర్పు ఉంటుంది. జలపతి బయటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"ఏందే జలపతీ, మీ అల్లుడు ఇయ్యాలన్న కొడ్తడా? లేకుంటె గోల్ స్తంభాలకు దండం పెట్టి అస్తడా?"

"బంతి ఇస్తె కదా కొట్టుడు. గాలిని కొట్టాల్నా?"

"గా ప్రకాశ్ గాడు ఇయ్యడంటవ్."

"ఇయ్యడు. ఆనికి తను కొట్టాలె. సగం గ్రౌండ్ల కెల్లి తంతడు, అది పోయి బర్రెలల్ల పడ్తది. పడ్డంక అందరు నరేశ్ దిక్కు సూస్తరు."

"మరి పోయినసారి ఇచ్చిండు కదా. నేను సూసిన. గోల్ ముంగట నిలవడి మీవోడే బయిటికి తన్నిండు."

జలపతి గ్లాసు కింద పెట్టాడు. "నీ చాయ్‌ల షక్కర లేదు."

"ఉన్నది. నీ నోట్లెనే లేదు."

లోపలికి పోతూ అతను తన ఐదో సాంచె దగ్గర ఆగాడు. గుడ్డ మీద సన్నటి గీత పడుతోంది. భీము పోసినవాడు, అంటే నిలువు పోగులు దిమ్మెకు చుట్టేవాడు, వదులుగా చుట్టాడు. చుట్టినవాడు ఇంటికి పోయి పడుకున్నాడు. సాయంత్రం సేటు వచ్చి గుడ్డను వెలుతురుకు పట్టి చూసి, సాంచె ముందు నిలబడ్డవాణ్ని పిలుస్తాడు. తప్పు ఎక్కడ పుట్టిందో ఎవడికీ అక్కరలేదు, ఎక్కడ కనపడిందో అదే కావాలి. జలపతి బతుకంతా తప్పు కనపడిన చోట నిలబడ్డవాడే.

మొగిలవ్వ సంగతీ అంతే. కడుపులో గడ్డ పెరుగుతుంటే ఆమె ఎవరికీ చెప్పలేదు. లంగాలు కుట్టే మిషను మీద అట్లాగే వంగి కుట్టింది. చెప్పని నొప్పి మొగునికి ఎట్ల తెలుస్తుంది? కోనరావుపేటలో ఉన్న ఆమె అన్నదమ్ములు మాత్రం దినాల నాడు పదిమందిలో అన్నారు, దవాఖానకు ఆలిశెంగ తీసుకపోయిండు, బావదే తప్పు అని. జలపతి విస్తరి ముందు నుంచి లేచాడు. అప్పటి నుంచి కోనరావుపేట బస్సు కనపడితే ముఖం తిప్పుకుంటాడు. వాళ్లు రెండుసార్లు మనిషిని పంపారు, ఒకసారి తామే వచ్చారు. తలుపు తీయలేదు. ఆ రోజు నరేశ్ తలుపు దాకా పోయి వెనక్కి తిరిగి చూశాడు. జలపతి చేత్తో సైగ చేశాడు, వద్దని.

పొద్దు వాలే వేళకు కాలేజీ మైదానం చుట్టూ జనం చేరారు. లుంగీలూ, సైకిళ్లూ, గోడ మీద వరుసగా పోరగాళ్లు. నేత కార్మికుల జట్టు నీలం అంగీలు తొడుక్కుంది. నరేశ్ వీపు మీది తొమ్మిదో అంకె మాత్రం పసుపుపచ్చగా, మిగిలినవాటికన్నా లావుగా ఉంది. అసలు అంకె ఉతుకులో ఊడిపోతే మొగిలవ్వ లంగా గుడ్డ ముక్క కత్తిరించి కుట్టింది. లంగా నంబరు అని జట్టువాళ్లు ఏడాది నవ్వారు. నరేశ్ కొత్తది తీసుకోలేదు.

ఆట మొదలైంది. ప్రకాశ్ బంతి పట్టాడు, ఒకణ్ని దాటాడు, ఇద్దరిని దాటాడు. ముందు ఖాళీలో నరేశ్ చేయి ఎత్తి నిలబడి ఉన్నాడు. ప్రకాశ్ తనే తన్నాడు. బంతి గోడ అవతల పడింది. జలపతి తుపుక్కున ఉమ్మాడు.

కాసేపటికి ప్రకాశ్ బంతి ఇచ్చాడు కూడా. మంచిగానే ఇచ్చాడు. నరేశ్ కాలికి చిక్కి, పక్కకు జారింది. జనం ఊళ పెట్టారు. "లంగా కట్టుకొని ఆడురా" అని గోడ మీంచి ఒకడు అరిచాడు. జలపతి చూపు అప్పుడు గోడ మీది వాళ్ల మీద ఉంది. ఆ బంతి ఎట్లా వచ్చిందో అతను చూడలేదు. చూసినా లెక్క మారేది కాదు.

అటువైపు జగిత్యాలవాళ్లు ఒక గోల్ కొట్టారు. రెండో సగంలో సాయినాథ్ చేయి ఊపి నరేశ్‌ను బయటికి పిలిచాడు. నరేశ్ తల వంచుకుని గీత దాకా నడిచాడు. సాయినాథ్ అతని మెడ మీద చేయి వేసి చెవిలో ఏదో చెప్పాడు. జలపతికి ఆ చేయి కనపడింది, మాట వినపడలేదు. అంత దూరం నుంచి ఏ చెవికీ వినపడదు.

అంతలో బంతి దొర్లుకుంటూ గీత దాటి జలపతి కాళ్ల దగ్గరికి వచ్చింది. అతను దాన్ని రెండు చేతులతో ఎత్తుకున్నాడు. జగిత్యాల ఆటగాడు చేతులు చాచాడు. జలపతి అతన్ని దాటి లోపలికి నడిచాడు. లుంగీ మోకాళ్ల మీదికి కట్టుకుని, జారిన భుజంతో, నడి మైదానం దాకా పోయి నిలబడ్డాడు.

రిఫరీ విజిల్ ఊదాడు. సాయినాథ్ ఉరికొచ్చాడు. నలభై ఏళ్ల మనిషి, తెల్ల చొక్కా, చేతిలో రెండు ఫోన్లు.

"ఏందిది మామా? బంతియ్యి."

"ఇయ్య."

"పిస లేసిందా?"

"బంతి ఇయ్యకుంటె ఎట్లుంటదో సూడున్రి. గిట్లనే ఉంటది. దసర కెల్లి గీ పోరడు గిట్లనే నిలవడుతుండు. తప్పు నీ తమ్మునిది. అందరి ముంగట చెప్పు. చెప్పు, ఇస్త."

ప్రకాశ్ ముఖం ఎర్రబడింది. జనంలో కొందరు నవ్వారు, కొందరు "నిజమే అంటుండు ముసలోడు" అన్నారు. నరేశ్ గీత దగ్గర నుంచి చేతులతో సైగ చేస్తున్నాడు. చప్పుడు లేని చోట కూడా కార్ఖానా భాషే. రెండు అరచేతులూ కిందికి, కిందికి. వద్దని. జలపతి చూశాడు. ఈసారి అతని లెక్కలో ఆ సైగకు అర్థం లేదు.

"మామా," సాయినాథ్ గొంతు తగ్గించాడు, "ఇంట్ల మనిషి మూలుగుడు ఇనవడనోనివి. నీకు గింత పెద్ద గ్రౌండ్ల తప్పు ఎవ్వలదో కనవడిందా?"

జలపతి బంతిని కడుపుకు ఇంకా గట్టిగా అదుముకున్నాడు.

"నీ తమ్మునిదే" అన్నాడు.

రిఫరీ గడియారం చూసి ఆట ఆపేశాడు. జగిత్యాలవాళ్లు మూటలు సర్దుకున్నారు. ఆట వాళ్లకే ఇచ్చేశారు. జనం చెదిరిపోయాక, మైదానంలో దుమ్ము అణిగాక, జలపతి బంతిని నేల మీద పెట్టి ఇంటికి నడిచాడు. ఎవరూ దాని కోసం రాలేదు.

నరేశ్ అప్పటికే ఇంట్లో సంచి సర్దుతున్నాడు. అన్నం వండలేదు, వంతు అతనిదే. సంచి భుజానికి వేసుకుని బయలుదేరితే జలపతి వెనకే బస్టాండు దాకా పోయాడు. ఎల్లంతకుంట బస్సు ఇంజను ఆడుతూ ఉంది.

"పేరు తీసేసిండా?" అన్నాడు జలపతి.

"ఉండె మామా. నన్ను బయిటికి పిలిచి అదే చెప్పిండు. జర సేపు కూసో, కాళ్లు సల్లవడనియ్యి, కోరుట్లల ముందట నువ్వే ఆడుతవ్ అన్నడు." నరేశ్ సంచి పట్టీ సవరించుకున్నాడు. "ఇగ లేదు. మీ మామనే ఆడిపిచ్చుకో అన్నడు. ఏజెంటుకు ఔనని చెప్పిన."

"నాది తప్పంటవా?" అన్నాడు జలపతి.

"నేను ఎవ్వలదీ అంటలేను. పోయినసారిది, ఇయ్యాల్టిది, గా రెండు బంతులు నా కాళ్లకే అచ్చినయ్. నేనే తన్నలే."

"ఆడు ఆలిశెంగ ఇచ్చిండు."

నరేశ్ నవ్వాడు. కోపం లేదు ఆ నవ్వులో. అదే జలపతికి సహించలేదు. తిట్టినా బాగుండేది, తిట్టును గుమ్మం బయట నిలబెట్టవచ్చు.

"అత్త ఉంటె నీ లుంగి వట్టి గుంజి కూసోవెట్టేది" అన్నాడు నరేశ్. సంచిలోంచి నీలం అంగీ తీసి అతని చేతిలో పెట్టాడు. ఇంకా చెమట తడి ఉంది. "ఇది అత్త కుట్టింది. ఆడ దేనికి?"

ఉండమని ఒక్క మాట అనాలి. అట్లాంటి మాట జలపతి ఎవరితోనూ అని ఎరగడు. మొగిలవ్వతో కూడా.

"కిటికి కాడ కూసోకు. దుమ్ము కొడ్తది" అన్నాడు.

బస్సు కదిలింది. నరేశ్ కిటికీ దగ్గరే కూర్చున్నాడు. అద్దం వెనక నుంచి పిడికిలి నోటి దగ్గర పెట్టి చూపించాడు. చాయ్ తాగు అని. జలపతి చేయి ఎత్తేలోపు బస్సు మూల తిరిగింది.

తెల్లారి కార్ఖానాలో అవతలి వరుస సాంచాల మీద కొత్త మనిషి నిలబడ్డాడు. చేతి సైగలు ఇంకా రాని మనిషి, నోరు తెరిచి అరుస్తున్నాడు. జలపతి అటు చూడకుండా తన పోగులు ముడేసుకున్నాడు. చాయ్ వేళకు బాలవ్వ కేతిలి దించి, అతని పక్కనే అరుగు మీద కూలబడింది.

"పోరడు పోయిండట గద."

అతను చాయ్ ఊదుకున్నాడు.

"ఊరంత ఒక్కటే ముచ్చట. సాయినాథ్‌ది తప్పంటరు, ప్రకాశ్‌ది అంటరు, నీదంటరు. నువ్వేమంటవ్ మరి? ఎవ్వలది?"

జలపతి ఆ గ్లాసు ఖాళీ చేసి బోర్లించాడు. ఎడమ చెవి ఆమె వైపే ఉంది, ఐనా విన్నాడు.

"బాలవ్వా, గీ ముచ్చట నా ముంగట ఇంకెన్నడు తియ్యకు. నేను తియ్య. సచ్చేదాక తియ్య."

లేచి లోపలికి పోయాడు. ఐదో సాంచె పక్కన, గోడకు కొట్టిన మేకుకు నీలం అంగీ వేలాడుతోంది. సాంచాలు ఆడినంతసేపూ దాని వీపు మీది పసుపుపచ్చ తొమ్మిది గోడ మీద సన్నగా వణుకుతూనే ఉంది.