ఎలుగుబంటి ఎదుట ఎండుచేప

సాల్మన్ చేపను ఎండబెట్టడంలో కిమియెను మించినవాళ్లు ఆ రేవులో లేరు. ఈ మాట ఆమె అనలేదు, ఊరంతా అనేది. ఉప్పునీళ్లలో నానబెట్టి, వేలెడు వెడల్పున చీల్చి, చలికాలమంతా సముద్రపు గాలికి వేలాడదీసిన ఆ ముక్కలు లేకుండా ఆమె గడప దాటేది కాదు. ఆసుపత్రికి వెళ్లినా, పెళ్లికి వెళ్లినా చేతిసంచిలో ఒక పొట్లం ఉండాల్సిందే. నడుంనొప్పికి సూది వేసిన డాక్టరు కూడా రెండు ముక్కలు నమిలి మూడోదానికి చెయ్యి చాపాడు.

జూన్ మొదటివారంలో రేవు మహిళా సంఘంవాళ్లు తొమ్మిదిమంది బస్సు మాట్లాడుకుని, ఉత్తరాన కొండల కింద ఉన్న ఐదు సరస్సుల అడవికి బయల్దేరారు. అది ఎలుగుబంట్ల అడవి, తినేవేవీ తేవద్దని కాగితం ముందే వచ్చింది. బస్సెక్కేటప్పుడు వాళ్లలో ఒకామె, నొబుకో, ప్రత్యేకంగా కిమియెను ఆపి, పొట్లం తెచ్చావా అని అడిగింది. తేలేదని చెప్పింది కిమియె. మూడు కవర్లలో చుట్టిన పొట్లం అప్పటికే సంచి అడుగున, స్వెట్టరు కింద ఉంది. మూడు కవర్లు దాటి వాసన ఎక్కడికి పోతుందని ఆమె ధీమా.

అడవి ముఖద్వారం దగ్గర హాల్లో కూచోబెట్టి పాఠం చెప్పారు. ఆ పాఠం వినకుండా, గైడు తోడు లేకుండా ఎలుగుబంట్లు తిరిగే ఆ నెలల్లో ఎవరినీ లోపలికి పంపరు. గైడు పేరు మినామి. ముప్పయ్యేళ్లుంటాయేమో, ఎండకు కమిలిన ముక్కు, నడుముకు ఎలుగుబంటి మీదికి వస్తే చిమ్మే కారంమందు డబ్బా. గుంపు విడిపోవద్దనీ, చెక్కబాట దిగవద్దనీ, ఎలుగుబంటి కనపడితే పరిగెత్తవద్దనీ, వీపు చూపించవద్దనీ, చేతిలో ఉన్నవి కిందపడెయ్యవద్దనీ ఒక్కొక్కటీ చేసి చూపించింది. మనుషులు వస్తున్నారని దానికి దూరం నుంచే తెలియాలట. అందుకని దారి పొడుగునా మాట్లాడుతూనే ఉండమంది.

"నలభయ్యేళ్లుగా మా ఆయన నన్ను నోరు మూసుకోమంటున్నాడు. ఆయన్ని పిలిచి ఇంకోసారి చెప్పమ్మా ఈ మాట" అంది నొబుకో. హాలంతా నవ్వింది.

నవ్వులు తగ్గాక మినామి ఒక సంగతి చెప్పింది. రెండేళ్ల కిందట ఎవరో కారు అద్దం దించి ఒక పిల్ల ఎలుగుకు సాసేజి ముక్క విసిరారు. ఫొటో బాగా వచ్చి ఉంటుంది. ఆ తర్వాత అది కార్ల కోసం రోడ్డుపక్కన కాచుకోవడం మొదలుపెట్టింది. నెల తిరిగేసరికి బడి వెనక చెత్తకుండీ దాకా వచ్చింది. ఇక తప్పక కాల్చేశారు.

"కాల్చినాయన మా నాన్న. ఆ రోజు అన్నం ముందు కూచుని లేచిపోయాడు" అని, మినామి తినేవి ఎవరి దగ్గరైనా ఉంటే బయట లాకర్లో పెట్టి రమ్మంది.

కిమియె సంచిని ఒళ్లోకి లాక్కుంది. లేవాలనుకుంది. కానీ లేస్తే ఎనిమిదిమందీ చూస్తారు, బస్సెక్కేటప్పుడు తేలేదన్న మాట అబద్ధమని తేలిపోతుంది, రేవుకు తిరిగి వెళ్లాక ఏడాదిపాటు ఇదే కథ. ఆమె కూచునే ఉంది. తినేవేమీ లేనివాళ్లు చేతులెత్తండంటే అందరితోపాటు ఎత్తింది కూడా.

బాట మీదికి వచ్చాక ఆ బరువు కాసేపు మరుపున పడింది. కొండల మీద ఇంకా మంచు ఉంది, సరస్సులో తలకిందులుగా అదే మంచు. బురదనేలంతా తెల్లటి పూలు. నొబుకో తన అత్తగారు ఉప్పుడబ్బా దాచుకున్న వైనం చెబుతూ ఒక సరస్సు చుట్టించింది. రెండో సరస్సుకు ఇంకొకామె తన కోడలి కథ ఎత్తుకుంది. మలుపు వచ్చినప్పుడల్లా మినామి చప్పట్లు కొట్టేది, వెంటనే తొమ్మిదిమందీ పెళ్లిలోలాగా కొట్టేవాళ్లు.

మూడో సరస్సు దాటగానే మినామి చెయ్యెత్తింది.

ముప్పై అడుగుల దూరంలో, బాటకు పక్కగా ఒక ఎలుగుబంటి వేర్లు తవ్వుకు తింటోంది. తలెత్తి చూసింది. తర్వాత వెనక కాళ్ల మీద నిలబడి ముక్కు అటూ ఇటూ కదిపింది.

"దగ్గరికి జరగండి. దాన్ని చూస్తూనే ఒక్కో అడుగూ వెనక్కి. మామూలు గొంతుతో మాట్లాడండి" అంది మినామి. ఆమె చెయ్యి డబ్బా మీద ఉంది.

నలభయ్యేళ్లుగా ఆగని నోళ్లు ఆగిపోయాయి. నొబుకో పెదవులు కదులుతున్నాయి కానీ మాట లేదు. కిమియెకు ఆ ముక్కు తన సంచినే వెతుకుతోందనిపించింది. సంచి పొదల్లోకి గిరాటేస్తే తను బతికిపోతుంది. చెయ్యి దానంతటదే పట్టీ వదులు చేసింది. అప్పుడు, ఎన్నడూ చూడని ఒక మనిషి అన్నం ముందు నుంచి లేచిపోవడం ఆమె కళ్లకు కట్టినట్టయింది. పట్టీ బిగించింది. సంచిని పొట్టకు అదుముకుని, దాని మీద కోటు గుండీలు పెట్టుకుని, వెనక్కి అడుగేసింది.

ఎవరో ఒకరు మాట్లాడాలి. ఆమె నోటికి వచ్చింది ఒకటే.

"ముందు పొట్ట చీల్చి శుభ్రంగా కడగాలి" అంది కిమియె. "ఉప్పునీళ్లలో ఒక రాత్రి. ఎక్కువైతే గట్టిపడిపోతుంది. వేలాడదీసేటప్పుడు ముక్కకూ ముక్కకూ గాలి ఆడాలి..."

"దానికి వినిపించేట్టు ఆ సంగతా చెప్పేది" అని గొణిగింది నొబుకో. ఆమెకు మాట వచ్చేసరికి మిగతావాళ్లకూ వచ్చింది. ఎండుచేప మీద తలా ఒక మాట అనుకుంటూ తొమ్మిదిమందీ మలుపు దాకా వెనక్కి నడిచారు. ఎలుగుబంటి కాసేపు విని, నాలుగు కాళ్ల మీదికి దిగి, బురదలోంచి చప్పుడు చేసుకుంటూ అవతలి గట్టుకు వెళ్లిపోయింది.

బాట మూసేశారు. నాలుగో సరస్సూ ఐదో సరస్సూ చూసే యోగం లేకపోయింది. హాలు మెట్ల దగ్గర కిమియె గుండీలు విప్పి, పొట్లం తీసి మినామి ముందు పెట్టి, తల వంచి అంతా చెప్పింది.

మినామి మొహం పాలిపోయింది. లోపల ఒక్క ముక్కయినా పడిందా అని రెండుసార్లు అడిగింది. పడలేదని తెలిశాకే కోప్పడింది. కోప్పడటానికి గొంతు పెంచలేదు.

"మీ సంగతి మీరు చూసుకుందురు. ఈ ఎనిమిదిమంది ఏమయ్యేవాళ్లు?"

తప్పయిందని అంది కిమియె. నొబుకో అడ్డం వచ్చింది.

"నాక్కూడా రెండు చివాట్లు పెట్టమ్మా. పొట్లం ఉందని నాకు బస్సులోనే తెలుసు."

"తెలిసి ఊరుకున్నావా?" అంది కిమియె.

"తిరిగొచ్చేటప్పుడు తలా ఒక ముక్క పెడతావు కదా అని."

ఎవరు ముందు నవ్వారో తెలియదు. భయమంతా ఆ నవ్వులోనే దిగిపోయింది. మినామి కూడా మొహం పక్కకు తిప్పుకుంది, భుజాలు మాత్రం కదిలాయి.

గస్తీవాళ్లు చూసొచ్చి బాట తెరిచేసరికి మధ్యాహ్నమైంది. తర్వాతి గుంపు హాల్లో కూచుంది. మినామి బయటికి వచ్చి కిమియెను పక్కకు పిలిచింది. తను ఏడాదిలో మూడొందలసార్లు చెప్పే మాటే ఇదనీ, అనుభవించినవాళ్లు చెబితే వేరుగా ఉంటుందనీ, ఐదు నిమిషాలు చెబుతారా అనీ అడిగింది. రేవులో ఏడాదిపాటు చెప్పుకుంటారని భయపడ్డ కథను కిమియె ముక్కూమొహం తెలియని నలభైమంది ముందు నిలబడి తనే చెప్పింది. చేతులెత్తినప్పుడు తనూ ఎత్తానన్న సంగతి కూడా దాచలేదు. ఎలుగుబంటికి ఎండబెట్టే పద్ధతి చెప్పిన చోట హాలు విరగబడి నవ్వింది. సంచి విసిరేయబోయిన చోట ఎవరూ నవ్వలేదు.

ఆమె ముగించి తల వంచి నమస్కరించాక, మూడో వరసలో కోటు వేసుకున్న పెద్దమనిషి లేచాడు. ఎవరి వంకా చూడకుండా బయటికి నడిచాడు. ఆయన వెనక ఉడకబెట్టిన గుడ్ల సంచితో ఒక ముసలమ్మ, ఆమె వెనక కొత్తగా పెళ్లయిన జంట.

"లాకర్లు కుడిచేతి వైపున్నాయండి" అంది మినామి.